చిట్టీ, ఆ కాగితాలు ఇద్దరూ కూర్చుని నింపండి

చిట్టీ, నీ అమెరికా గ్రీన్ కార్డు కాగితాల గురించి నిన్న ఫోన్లో "అంతా ఆయనే చూసుకుంటున్నారు పిన్నీ, నేను సంతకాలు పెడితే చాలట" అన్నావు చూడు, ఆ మాట విన్న దగ్గర్నించి నాకు కుదురు లేదు. అందుకే రాస్తున్నా. మీ ఆయనకి తెలుగు చదవడం రాదు కదా, పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించు.

2009లో మా కాగితాలు కూడా బాబాయే నింపారు, నేను సంతకాలు పెట్టా. ఇంటర్వ్యూలో ఆఫీసరమ్మ మీ పెళ్ళి ఏ తారీకున అయ్యింది అంటే టక్కున శనివారం తారీకు చెప్పా. ఫైల్లో ఆదివారం తారీకుంది! మన ముహూర్తాల సంగతి తెలుసుగా, శుభలేఖలో శనివారం రాత్రి 2.18కి, తెల్లవారితే ఆదివారం అని వేస్తారు, మనకి అది శనివారం పెళ్ళే, ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రి దాటింది కాబట్టి ఆదివారం. రిజిస్ట్రేషన్‌లో బాబాయి ఆదివారం రాయించారు, నేను ఆ సర్టిఫికెట్ కేసి సరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఆవిడ పెన్ను పక్కన పెట్టేసి మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూసింది, ఇక నేను శుభలేఖ తీసి, అర్ధరాత్రి పెళ్ళేంటో, లగ్నం అంటే ఏంటో చెప్పుకుంటూ పోయా, చివరికి నవ్వి వదిలేసింది గానీ అప్పటిదాకా నా చేతులు ఐసుముక్కలే. అందుకని ప్రతి ఫారం ఇద్దరూ మొదట్నించి చివరిదాకా చదవండి. లాయరున్నా సరే, సంతకం పెట్టేది మీరు, తప్పు పోతే జవాబు చెప్పాల్సిందీ మీరే.

మీ ఆయన అమెరికా సిటిజెన్ కాబట్టి నీకు ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుల్లాగా ఏళ్ళ తరబడి క్యూ లేదు. నువ్వు తన భార్యవని ఆయన వేసే ఐ-130, గ్రీన్ కార్డు కోసం నువ్వు వేసే ఐ-485, పని చేసుకోడానికి ఐ-765, ప్రయాణానికి ఐ-131 అన్నీ ఒకేసారి పంపొచ్చు. 2024 ఏప్రిల్‌లో మారిన రేట్లలో 130కి కాగితం మీదైతే 675 డాలర్లు, 485కి 1440, దాంతోపాటు వేసే 765కి 260. పంపే రోజు మళ్ళీ ఇమిగ్రేషన్ వాళ్ళ సైట్లో చూడండి, ఫారం ఎడిషన్ తారీకు కూడా చూడండి, పాత ఎడిషన్ పంపితే తిప్పి కొడతారు. మెడికల్ 693 కూడా ఇప్పుడు 485తో పాటే పెట్టాలి, 2024 డిసెంబర్ నించి ఆ రూలు. నీ చేతి మీద బీసీజీ మచ్చ ఉందని కంగారు పడకు, టీబీకి రక్తపరీక్షే చేస్తారు, ఆ టీకా వల్ల అందులో పాజిటివ్ రాదు.

అసలు మన తెలుగోళ్ళకి తలనొప్పి పేరు దగ్గర. నీ టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో, డిగ్రీలో ఒట్టి ఇనిషియలు. మా పక్కింటి అమ్మాయికి పాస్‌పోర్టులో రెండూ ఒకే గడిలో పడి ఇక్కడ వీసాలో పేరుండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ, అంటే 'పేరు తెలీదు' అని వచ్చింది, పాపం అందరూ ఫ్నూ ఫ్నూ అని పిలిచేవాళ్ళు. ఎన్ని రకాలుగా రాసుందో అన్నీ 'వాడిన ఇతర పేర్లు' దగ్గర రాసెయ్, దాచడానికి ఏముంది. పెళ్ళయ్యాక వాళ్ళ ఇంటిపేరు పెట్టుకోవాలా వద్దా అనేది కూడా ముందే తేల్చుకోండి, మధ్యలో మారిస్తే ప్రతి కాగితం మళ్ళీ. నన్నడిగితే మార్చొద్దంటా, మీ అత్తగారికి నేనన్నానని చెప్పకు.

బర్త్ సర్టిఫికెట్ ఒకసారి తీసి చూడు. మన మున్సిపాలిటీవి చాలావాటిలో బిడ్డ పేరే ఉండదు, ఆడ అని ఉండి ఊరుకుంటుంది. మీ నాన్నని పంపించి పేరు ఎక్కించమను. రికార్డే లేదంటే లేదని వాళ్ళ దగ్గరే సర్టిఫికెట్ తీసుకుని, అమ్మా నాన్నల అఫిడవిట్లు, టెన్త్ మెమో జత చెయ్యాలి. వేరే పన్ల కంటే ముందు దీన్ని కదిలించు, అక్కడ ఒక్క సంతకానికి ఎన్ని పండగలు అడ్డం వస్తాయో నీకు తెలీంది కాదు.

పెద్దలు కుదిర్చిన పెళ్ళి అని ఇబ్బంది పడకండి. కొంతమంది ఆఫీసర్ నమ్మడేమోనని లేని ప్రేమకథలు అల్లుతారు, అంతకన్నా బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. పెళ్ళిచూపులకి ఎవరొచ్చారు, ఫోన్లో ఎన్నాళ్ళు మాట్లాడుకున్నారు, ఎక్కడ నిశ్చయం అయ్యింది, ఉన్నదున్నట్టు చెప్పండి. ఉమ్మడి బ్యాంకు అకౌంటు, ఇద్దరి పేర్లున్న ఇంటి లీజు, ఇన్సూరెన్సులో నీ పేరు, కలిసి వేసిన టాక్స్ రిటర్న్, ఇవీ వాళ్ళు చూసేవి. ఫోటోలు ఆల్బమ్ మొత్తం వద్దు, రెండు కుటుంబాలూ కనిపించేవి ఓ ఇరవై చాలు.

బాబూ, ఇది నీకు. ఐ-864, అంటే భార్య పోషణకి నేను పూచీ అని నువ్విచ్చే ఫారం, చదవకుండా సంతకం పెట్టకు. మీ ఇంటి సైజుకి పేదరికపు గీత 100 అనుకుంటే కనీసం 125 ఆదాయం చూపించాలి, అది నీకు కష్టం కాదు. కానీ అది గవర్నమెంటుకి నువ్విచ్చే మాట, మా పిల్ల సిటిజెన్ అయ్యేదాకా, లేదా సుమారు పదేళ్ళ పని లెక్క, 40 క్వార్టర్లు, పూర్తయ్యేదాకా ఉంటుంది, విడాకులైనా పోదు. అలాగని ఏదో కోపంలో "నా వల్లే కదా నీకు కార్డు" అన్నావంటే మాత్రం నేను ఫ్లైటెక్కి వస్తా.

చిట్టీ, నీ ఉద్యోగం వీసా హెచ్1 స్టాంపింగ్ ఇంకా బతికే ఉంది అంటున్నావు కదా, అదే ఉద్యోగంలో ఉంటే 485 పెండింగ్‌లో ఉండగా దానిమీద వెళ్ళి రావచ్చు. స్టాంపు గడువు అయిపోతే మాత్రం అడ్వాన్స్ పరోల్, అదే ఆ 131 వేస్తే వచ్చే ప్రయాణ అనుమతి, చేతికొచ్చేదాకా సంక్రాంతి లేదు, బావ పెళ్ళి లేదు, కదలొద్దు. పని పర్మిట్ వచ్చింది కదా అని హెచ్1 వదిలేయకు, రేపు ఏదన్నా తేడా వస్తే నిలబడ్డానికి అదే ఆధారం. ఇల్లు మారితే పది రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర అడ్రస్ మార్చాలి, ఇది అందరూ మర్చిపోతారు.

కార్డు వచ్చే రోజుకి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే రెండేళ్ళ కార్డే ఇస్తారు. దాని గడువుకి ముందు 90 రోజుల్లో, ఆ రెండేళ్ళ షరతు తీసేయమని అడిగే ఐ-751 ఇద్దరూ కలిసి వెయ్యాలి, ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. ఇంకోటి, ఇది మీకోసం కాదు గానీ నీ స్నేహితురాళ్ళలో ఎవరికైనా పనికొస్తుంది, మొగుడు కొడుతున్నా హింసిస్తున్నా కార్డు కోసం పడి ఉండక్కర్లేదు, ఆయన సంతకం లేకుండా తనే దరఖాస్తు చేసుకునే దారి చట్టంలోనే ఉంది, 751కి కూడా ఉంది. ప్రతి కాగితం కాపీ నీ దగ్గర నీ పాస్‌వర్డుతో ఉండాలి అని నేను పోరేది ఊరికే కాదు.

శనివారం నేను ఖాళీ. మీ శుభలేఖ, పెళ్ళి సర్టిఫికెట్, పాస్‌పోర్టు మొదటి పేజీ మూడూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, ముహూర్తం ఎన్ని గంటలకో నాకూ గుర్తులేదు.

పిన్ని