దసరాకు కశ్మీర్ టూర్: లక్షన్నర అప్పు తేవచ్చా?

ప్రశ్న (2021, కొవిడ్ కాలం): మాది హైదరాబాద్. చేతికి నెలకు 68,000 జీతం వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 21,000, ఇంటి ఖర్చు 27,000, పిల్లల ఫీజులు 6,000, అమ్మ మందులు 3,000. బ్యాంకులో 55,000 ఉన్నాయి. కారు ఉంది. ఏడాదిన్నరగా ఇల్లు కదల్లేదు. ఈ అక్టోబరులో దసరా సెలవులకు నా భార్య, ఇద్దరు పిల్లలు (13, 9 ఏళ్లు), అమ్మతో (62 ఏళ్లు, షుగర్ ఉంది) కలిసి ఎక్కడికైనా వెళ్లాలనుంది. గోవా, శ్రీశైలం అనుకున్నాం. కానీ కశ్మీర్ ప్యాకేజీ డిస్కౌంట్‌లో లక్షన్నరకే వస్తోంది. 14 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు (2021 నాటి పరిస్థితులు, నిబంధనల ప్రకారం): వద్దు. ఇంటిల్లిపాదీ ఊరు కదలాలనుకోవడంలో తప్పేమీ లేదు. డిస్కౌంట్ చూసి ఊరు ఖాయం చేసుకుని, ఆ తర్వాత అప్పు కోసం వెతకడమే తప్పు. 2021లో చాలా కుటుంబాలు ఇదే పొరపాటు చేశాయి.

కొవిడ్ ఉన్నంత కాలం ప్యాకేజీ ధర పక్కన ఇంకో అంకె కూడా రాసుకోవాలి. అక్కడ పది రోజులు చిక్కుబడితే ఎంతవుతుంది? శ్రీనగర్‌లో మీలో ఒకరికి పాజిటివ్ వస్తే విమానం ఎక్కనివ్వరు. వాళ్లకో గది, మిగతా నలుగురికి ఇంకో గది కావాలి. గదికి రోజుకు 3,000 చొప్పున పది రోజులకు 60,000. తిండికి 20,000. అప్పటికప్పుడు ఐదుగురికి తిరుగు టికెట్లకు 40,000 వేసుకోండి. మొత్తం 1,20,000. ఆస్పత్రి ఖర్చు ఇందులో కలపలేదు. మీ దగ్గరున్నది 55,000.

ఇక లోన్ లెక్క. ఈఎంఐ సుమారు 7,200. రెండేళ్లలో వడ్డీ 22,800 దాటుతుంది. 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపితే ఇంకో 3,540. ఇప్పుడు ఖర్చులు పోను నెలకు మీకు మిగిలేది 11,000. ఈఎంఐ కట్టాక 3,800 మిగులుతుంది. మధ్యలో ఏ నెలైనా ఉద్యోగం పోతే? 2020లో మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం (ఈఎంఐలు ఆపుకునే వీలు) ఇచ్చినప్పుడు కూడా ఈఎంఐ మాత్రమే ఆగింది, వడ్డీ ఆగలేదు. అలాంటి వెసులుబాటు మళ్లీ వస్తుందని లెక్కలోకి తీసుకోవద్దు. బంగారం తాకట్టు, కార్డు ఈఎంఐ, కొవిడ్ పేరిట పీఎఫ్ నుంచి 2021లో ఇస్తున్న అడ్వాన్స్... టూర్ కోసం వీటిలో దేన్నీ ముట్టుకోవద్దు.

మీ నెల ఖర్చు 57,000. అత్యవసరాల కోసం ఆరు నెలల ఖర్చు, అంటే 3,42,000 చేతిలో ఉండాలి. మీ పొదుపు ఒక్క నెలకూ చాలదు. నా దృష్టిలో మీ అసలు సమస్య ఇదే.

రెండోది, మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ఊసే లేదు. కంపెనీ పాలసీలో అమ్మ పేరు ఉందో లేదో హెచ్‌ఆర్‌ను ఈరోజే అడగండి. గది అద్దె పరిమితి ఎంతో చూడండి. పరిమితి రోజుకు 3,000 ఉండగా 6,000 గదిలో చేరితే, అద్దెలోనే కాకుండా డాక్టర్ ఫీజుల్లాంటి వాటిలోనూ సగం కోత పడవచ్చు. అమ్మకు బీమా లేకపోతే కరోనా కవచ్ (కొవిడ్ చికిత్స కోసం 2021లో అమ్ముతున్న ప్రత్యేక పాలసీ) 5 లక్షలకు తీసుకోండి. 65 ఏళ్ల వరకు ఇస్తారు. కొవిడ్‌తో ఆస్పత్రిలో చేరినప్పుడు షుగర్‌కు చేసే చికిత్సకూ వర్తిస్తుంది. మొదటి 15 రోజులు క్లెయిమ్ ఉండదు కాబట్టి బయల్దేరే ముందు రోజు కొంటే లాభం లేదు, వినాయక చవితిలోపే కొనండి. ఇది కొద్ది నెలల పాలసీ. ఆవిడకు పూర్తి స్థాయి పాలసీ విడిగా కావాలి.

ఊరు ఎంచుకునే ముందు బీమా కంపెనీ యాప్‌లో ఆ ఊరి పిన్‌కోడ్ కొట్టి, గంట ప్రయాణంలో నెట్‌వర్క్ ఆస్పత్రి (బీమా కంపెనీయే నేరుగా బిల్లు కట్టే ఆస్పత్రి) ఉందేమో చూడండి. నెట్‌వర్క్‌లో లేకపోతే ముందు మీరే కట్టాలి. రెండో వేవ్‌లో నెట్‌వర్క్ ఆస్పత్రులు కూడా డిపాజిట్ అడిగాయి.

ఇలా చూస్తే మీకు సొంత కారులో వెళ్లి, అవసరమైతే అదే రోజు ఇంటికి చేరగల చోటే సరిపోతుంది. శ్రీశైలం 215 కిలోమీటర్లు, రానుపోను పెట్రోలుకు 3,000 చాలు. కానీ నల్లమల దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మామూలు వాహనాలను వదలరు. అమ్మ ఆరోగ్యం దృష్ట్యా అంతకంటే దగ్గరలో ఉన్న నాగార్జునసాగర్, లేదంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరి మేలు. గోవా 650 కిలోమీటర్లు, 2021లో మీ పిల్లల వయసు వాళ్లకు ఇంకా టీకా రాలేదు, రాష్ట్ర సరిహద్దుల్లో కొవిడ్ నిబంధనలేమో మారుతూనే ఉన్నాయి. దాన్ని వదిలేయండి.

సెప్టెంబరు, అక్టోబరు మిగులు 22,000. అందులోంచి కవచ్ ప్రీమియం కట్టి, మిగిలినదాంతో రెండు రాత్రులు వెళ్లి రండి. నవంబరు నుంచి నెలనెలా 11,000 పక్కన పెడితే, బ్యాంకులో ఉన్న 55,000తో కలిపి మే నెలాఖరుకు 1,32,000 అవుతుంది. ఆ 3,42,000 నిండాక కశ్మీర్‌కు విడిగా పొదుపు మొదలుపెట్టండి.

ప్యాకేజీకి ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిస్తారో క్రెడిట్ నోట్ (తర్వాతి ప్రయాణానికి వాడుకునే పత్రం) ఇస్తారో ఈరోజే మెయిల్‌లో రాసిమ్మనండి. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన రీఫండ్ ఆదేశం లాక్‌డౌన్‌లో రద్దయిన విమాన టికెట్ల గురించి. మీ అంతట మీరు మానుకున్న ప్రయాణానికి అది అక్కరకు రాదు.