ఫాంటు ఎంచుకునే ముందు

చిరంజీవి సుమనకు,

కథల వెబ్‌సైటు పెడుతున్నావని మీ నాన్న చెప్పగానే, ఆ పూట కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి నువ్వు పంపిన నమూనా తెరిచాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ సన్నని గీతలు, ఆ బూడిద రంగు! ఎవరు చదవాలని?

సులువైనవి ముందే చెప్పేస్తాను. అక్షరం సైజు 18 పిక్సెళ్లకు తగ్గించకు. అక్షరానికీ వెనకున్న రంగుకూ వెలుగులో తేడా, అంటే కాంట్రాస్ట్, కనీసం 4.5:1 ఉండాలి. ఫాంటు దిగేలోపు పేజీ ఖాళీగా ఉండకుండా, కంప్యూటర్లో ఉన్న ఫాంటుతోనే అక్షరాలు కనిపించాలి.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన చోట మంచి కన్నున్న డిజైనర్ ఒకడుండేవాడు. తన మాక్ మీద సన్నని గీతల లైట్ ఫాంటు ఎంచుకుని మురిసిపోయాడు. పాఠకుల దగ్గరేమో పాత విండోస్ కంప్యూటర్లు. 15.6 అంగుళాల 1366×768 తెరలో అంగుళానికి సుమారు 100 పిక్సెళ్లే ఉంటాయి. గీత మందం పిక్సెల్‌లో సగమైతే తెర దాన్ని నల్లగా చూపలేదు, మసక మరకగా పులుముతుంది. ధకారంలో ఒత్తు గీత పోయి దకారమైంది, ఢ కాస్తా డ అయింది. ఏ గీత ఏ పిక్సెల్ మీద కూర్చోవాలో చెప్పే సూచనలు, అంటే హింటింగ్, ఫాంటు లోపలే ఉంటాయి. మాక్ వాటిని దాదాపు పట్టించుకోదు. ఇలాంటి తెర మీద విండోస్‌కు అవి కావాలి. ఆ ఫాంటులో అవి సరిగా లేవు, అతని మాక్‌లో ఆ లోటు కనిపించనే లేదు. ఇదంతా చెబితే, కళ్లజోళ్లు మార్చుకోమనండి అన్నాడు మహానుభావుడు!

నాకు భయమూ అక్కడే. చదవలేకపోతే పాఠకులు నిన్ను తప్పుపట్టరమ్మా, తమ చూపే మందగించిందనుకుని పేజీ మూసేస్తారు. మీ నానమ్మ అంతే.

1996లో వచ్చిన వెర్డానా అనే ఇంగ్లీషు ఫాంటు కోసం దాని రూపకర్త మాథ్యూ కార్టర్ ముందు పిక్సెళ్లలో అక్షరాలు తీర్చి, తర్వాతే వాటికి రూపురేఖలు గీశాడు. అందులో పెద్ద ఐ, చిన్న ఎల్, ఒకటి అంకె ఒకదానితో ఒకటి కలవవు. ఇంగ్లీషు ముక్కలకు అది చాలు. తెలుగుకు నోటో సాన్స్ తెలుగు తీసుకో, రెగ్యులర్ మందంలోనే. వరుస ఎత్తు అక్షరం సైజుకు 1.7 రెట్లు ఉంచు. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాటల కింది వత్తులు తర్వాతి వరుసలోని గుడి గుర్తులకు తగలకూడదు. ఫైలు చిన్నది చేయాలని ఫాంటులో అక్షరాలు కత్తిరిస్తావేమో, వత్తులను అతికే నియమాలు మాత్రం పోనివ్వకు. పోతే ముందక్షరానికి పొల్లు పడి, వత్తు పూర్తి అక్షరంగా విడిగా నిలబడుతుంది. ఫాంటు ఫైలును వాఫ్2 రకంతో పాటు, పాత బ్రౌజర్ల కోసం వాఫ్ రకంలో కూడా పెట్టు.

ముందు ఒక పాత మానిటర్ సంపాదించు. ఫోనులో చూసి బాగుందనుకోవద్దు. చిన్నప్పుడు కూడా అంతే, గొలుసుకట్టు రాత రాసి, నాకు అర్థమవుతోంది కదా అని నాతో వాదించేదానివి.

తిట్టాననుకోకు. జూమ్ చేసుకుని నీ కథ చివరిదాకా చదివాను. అందులో అందరినీ సతాయించే ముసలాయన నేనే అయితే, నా మాటలైనా కాస్త ముదురు నలుపులో వేయించు.

మీ పెదనాన్న