కంప్యూటర్ సందేహాలు: కిందికి దించిన విండోలు వెంటనే దొరకాలంటే

ప్రశ్న: నేను ఆదోనిలోని ఒక పత్తి మండీలో లెక్కలు చూస్తాను. సీజనులో ట్యాలీ, మిల్లుకొకటి చొప్పున 15 దాకా ఎక్సెల్ ఫైళ్లు, ఇ-వే బిల్లు పోర్టల్, వాట్సాప్ రోజంతా తెరిచే ఉంచుతాను. మినిమైజ్ చేసిన వాటిలో కావలసినది సమయానికి దొరకదు. తొందరలో ఒక మిల్లు తూకాలను మరొక మిల్లు ఫైలులో ఎక్కించాను కూడా. మాది విండోస్ 11. ఈ విండోలను అదుపులో ఉంచే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?
- ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: ఉంది. అయితే మీ చిక్కులో పెద్ద భాగం కొత్తగా ఏదీ వేసుకోకుండానే తీరుతుంది కనుక ముందు దాని సంగతి చెబుతాను.

ఎక్సెల్ 2013 నుంచి ప్రతి ఫైలూ విడి విండోగానే తెరుచుకుంటుంది. విండోస్ 11 మాత్రం ఆ విండోలన్నిటినీ టాస్క్‌బార్‌లో ఒకే బటన్ కింద చేర్చి, పేర్లను దాచివేస్తుంది. మీ 15 మిల్లులూ ఒకే ఆకుపచ్చ బొమ్మ వెనుక ఉన్నప్పుడు చెయ్యి తప్పడం సహజమే. టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లోని టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో, బటన్లను కలిపి లేబుళ్లను దాచే వరుస దగ్గర 'నెవర్' ఎంచుకోండి. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు ఈ వీలు లేదు. వాడుకరులు గట్టిగా అడిగిన మీదట 2023లో అప్‌డేట్ ద్వారా తిరిగి వచ్చింది. మీ దగ్గర కనిపించకపోతే అప్‌డేట్ చేయించండి. బటన్ మీద పేరులోని మొదటి కొన్ని అక్షరాలే కనిపిస్తాయి కాబట్టి, ఫైలు పేరులో ముందు మిల్లు పేరు, తరువాతే సంవత్సరం ఉండాలి. తూకాలు తారుమారు కాకుండా ఆపడంలో ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఈ చిన్న అలవాటే ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

రెండవది, పనులను విడదీయడం. విండోస్ కీ, కంట్రోల్, డి కలిపి నొక్కితే మరొక డెస్క్‌టాప్ ఏర్పడుతుంది. ఒకదానిలో ట్యాలీ, ఎక్సెల్; ఇంకొకదానిలో పోర్టల్, వాట్సాప్ ఉంచుకుని, విండోస్ కీ, కంట్రోల్ పట్టి బాణం కీలతో అటూ ఇటూ మారవచ్చు. మీరు సెట్టింగ్ మార్చనంతవరకు, ఏ డెస్క్‌టాప్‌లో ఉంటే ఆ విండోలే టాస్క్‌బార్‌లోనూ, ఆల్ట్, ట్యాబ్ కీలు కలిపి నొక్కితే వచ్చే విండోల వరుసలోనూ (ఆల్ట్-ట్యాబ్) కనిపిస్తాయి.

ఇక మీరు అడిగిన సాఫ్ట్‌వేర్. రోజంతా తెరిచి ఉండవలసినవే అయినా అరుదుగా చూసే విండోల కోసం ట్రేమండ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. దీనిని ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. ఎదురుగా ఉన్న విండో మీద విండోస్ కీ, షిఫ్ట్, జెడ్ నొక్కితే అది టాస్క్‌బార్ నుంచి తొలగి, గడియారం పక్కన చిన్న గుర్తుగా మారుతుంది. ఆ గుర్తు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే తిరిగి వస్తుంది. గుర్తు కనిపించకపోతే అక్కడి పైబాణం నొక్కి చూడండి. ఇలా దాచిన విండో ఆల్ట్-ట్యాబ్‌లో కూడా రాదు కనుక, తూకాలు ఎక్కించే ఫైళ్లను ఎన్నడూ అలా దాచవద్దు. వాట్సాప్ లాంటి వాటికే అది తగినది. దాచే ముందు ఫైలును సేవ్ చేయడం మరవకండి. మండీ కంప్యూటర్‌లో లెక్కలుంటాయి కాబట్టి, ప్రోగ్రాంను, రచయితలు తమ ప్రోగ్రాంలను ఉంచే గిట్‌హబ్ అనే సైటులో దాని రచయిత పేజీ నుంచే దింపుకోండి.

విండోను దాచినంత మాత్రాన మెమొరీ ఖాళీ అవుతుందనుకోకండి; ప్రోగ్రాం లోపల నడుస్తూనే ఉంటుంది. కంప్యూటర్ మందగిస్తే, లెక్క ముగిసిన మిల్లు ఫైళ్లను మూసివేయడమే దారి.

ప్రశ్న: టాస్క్‌బార్‌లో బటన్ నొక్కినా విండో తెర మీదకు రావడం లేదు. ఇంతకుముందు రెండు మానిటర్లు ఉండేవి, ఇప్పుడు ఒకటే ఉంది.
- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ విండో, తీసివేసిన మానిటర్ ఉండిన చోటే తెరుచుకుంటున్నట్లుంది. దాని బటన్ నొక్కి, ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కండి. వచ్చే మెనూలో 'రిస్టోర్' వాడుకకు వీలుగా ఉంటే ముందు అది ఎంచుకోండి. మళ్లీ ఆల్ట్, స్పేస్ నొక్కి, ఎం అక్షరం నొక్కండి. ఏదైనా బాణం కీని ఒక్కసారి నొక్కి మౌస్ కదిలిస్తే విండో మౌస్ వెంట తెర మీదికి వస్తుంది. సరైన చోటికి రాగానే క్లిక్ చేస్తే అక్కడే నిలుస్తుంది.