చెత్త ఆటోవాళ్ళు తీసుకోని పాత తివాచీ, జంపఖానాలు

మీ పాత తివాచీ, జంపఖానాలు చెత్త ఆటోవాళ్ళు తీసుకోవట్లేదనీ, ఇల్లు మారేలోపు అన్నీ వదిలించుకోవాలనీ అన్నారు కదండీ, ముందు నూలువి, సింథటిక్‌వి విడదీయండి. మీ జంపఖానాలు వరంగల్‌వి అన్నారు, వాటిని అస్సలు పారేయకండి. 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) పొందిన నేత అది! ఉతికి ఎండబెట్టి, గట్టిగా ఉన్నంతమేర కత్తిరించి అంచులు కుట్టిస్తే కాళ్ళు తుడుచుకునే పట్టాలవుతాయి. చిరిగిన ముక్కలు వీధికుక్కల షెల్టర్లకు పనికొస్తాయి, కాకపోతే ముందు ఫోన్ చేసి అడగండి. పెయింటర్లూ నేలమీద పరవడానికి పట్టుకెళతారు.

సింథటిక్ తివాచీతోనే చిక్కు. అడుగున రబ్బరు పొడిగా రాలుతోందన్నారు కాబట్టి ఎవరికీ ఇవ్వకండి, పాపం వాళ్ళింట్లో దుమ్ము. చుట్టచుట్టి తాడు కట్టి, పెద్ద సామాన్ల చెత్త ఎలా తీసుకుంటారో మున్సిపాలిటీ వార్డు ఆఫీసులో కనుక్కోండి. పక్కింటాయన చెప్పినట్టు ఖాళీ స్థలంలో కాల్చడం మాత్రం వద్దండీ. అది ప్లాస్టిక్, ఆ పొగ పీలిస్తే ప్రమాదం.