గ్యాస్ కట్టేశామా?

అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి, మధ్యాహ్నం పెన్సిలు పట్టుకుని ఇంకోసారి. "మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కాబట్టి అలాగే చెబుతాను. అండమాన్ సెలవుల్లో మొదటి సాయంత్రం గురించి నువ్వు రాసిన నాలుగు పేజీల్లో మూడు నీవి కావు. నాలుగోది మాత్రం నీదే. అది ఎంత బావుందంటే, ముందున్న మూడింటి మీద కోపం వచ్చింది.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. మీరు వెళ్లింది డిసెంబరు మూడో వారంలో. "ఆరున్నర గంటలకు రాధానగర్ తీరాన సూర్యుడు బంగారు పళ్లెంలా సముద్రంలోకి జారిపోయాడు" అని రాశావు. జారడమ్మా. మన దేశం గడియారమంతా 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకి దగ్గర్లోనే పోతుంది. రాధానగర్ ఉన్న హావ్‌లాక్ దీవి అక్కడికి ఇంకో పది డిగ్రీలు తూర్పున, 93 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడి లెక్కలో వాళ్లు కాకినాడ కంటే నలభై నిమిషాలు ముందున్నారు. చేతి వాచీలో టైము మాత్రం అందరికీ ఒకటే. డిసెంబరులో అక్కడ ఐదు గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. ఆరున్నరకి చుక్కలు కనబడతాయి.

మరి నువ్వు ఏం చూశావు? నీ కాగితాలే చెబుతున్నాయి. మూడున్నరకి పడవ జెట్టీకి చేరింది. మీ అమ్మగారు దారి పొడుగునా వాంతులు చేసుకుని కాసేపు బెంచీ మీద కూర్చుండిపోయారు. సామాను లెక్కపెట్టుకుని, ఆటో మాట్లాడుకుని, పన్నెండు కిలోమీటర్లు వెళ్లి, బసలో సామాను పడేసి, టీ తాగి, ఒడ్డుకి నడిచారు. అక్కడికి చేరేసరికి "లైఫ్‌గార్డు విజిల్ వేస్తూ నీళ్లలో ఉన్నవాళ్లని బయటికి రమ్మంటున్నాడు". ఇది నీ వాక్యమే, మూడో పేజీలో. అంటే మీరు వెళ్లేటప్పటికి సూర్యుడు లేడు. చెట్ల వెనక కొంచెం వెలుతురు మిగిలి ఉంటుంది, అంతే. ఆ బంగారు పళ్లెం నీ కళ్లలోది కాదు, ఎవరి ఫోన్లోంచో వచ్చింది.

దీన్ని పట్టుకోవడం నా గొప్పేమీ కాదు. నేనూ అచ్చం ఇదే అబద్ధం రాసి పరువు పోగొట్టుకున్నవాణ్ణే.

పాతికేళ్లు దాటింది. నేనూ మా ఆవిడా పోర్ట్‌బ్లెయిర్ నుంచి సర్కారు పడవెక్కి హావ్‌లాక్ వెళ్లాం. అప్పటికి ఇప్పుడున్న ఏసీ పడవలు లేవు. బస విజయనగర్ అనే ఊళ్లో, ఐదో నంబరు బీచిలో. చేరేసరికి గది ఖాళీ కాలేదన్నారు. డబ్బు ముందే కట్టామన్నా, ఉత్తరం చూపించినా లాభం లేకపోయింది. వరండా మెట్ల మీద సూట్‌కేసు వేసుకుని దానిమీదే కూర్చున్నాం. గది ఇచ్చాక స్నానం చేసి, ఆరింటికి తీరిగ్గా సూర్యాస్తమయం చూద్దామని నా ప్లాను. ఐదుంపావు అయ్యేసరికి కొబ్బరిచెట్లు నల్లబడ్డాయి. నాకు అర్థం కాలేదు. వాన పడుతుందేమో అనుకున్నాను. పక్కన బోండాలు కొడుతున్న ఒకాయన మా తెలుగు విని, కత్తి ఆపి, "ఏటి సారూ, అలా సూత్తన్నారు? సూరీడు ఎప్పుడో ఎల్లిపోనాడు" అన్నాడు. సోంపేట వైపు మనిషి. ఎప్పుడో చిన్నప్పుడు మేనమామ వెంట వచ్చి ఉండిపోయాడట. మా ఆవిడ పకపకా నవ్వింది. పడవ దిగాక ఆవిడ నోరు విప్పింది అప్పుడే. ఆ తర్వాత ఇద్దరం చీకట్లో బోండాం తాగుతూ కూర్చున్నాం. కాళ్ల కింద మెట్టు పడవలాగే ఊగుతోంది. సముద్రం కనబడటం లేదు, చప్పుడు మాత్రం వస్తోంది. "ఇంత ఖర్చు పెట్టి వచ్చింది ఈ చప్పుడు వినడానికా?" అంది ఆవిడ.

తిరిగొచ్చాక నేను ఏం రాశానో తెలుసా? నీలాగే, సూర్యుణ్ణి ముంచాను. ఎర్రని బంతి అన్నాను, సముద్రుడి కౌగిలి అన్నాను. పత్రికవాళ్లు వేశారు. నెల తిరక్కుండా పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఒక కార్డు వచ్చింది. అక్కడ మనవాళ్లు తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఆ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు నూటికి పదముగ్గురు. ఆ పెద్దమనిషి చాలా మర్యాదగా రాశాడు. మీరు దిగిన విజయనగర్ ఒడ్డు తూర్పు ముఖంగా ఉంటుందండీ, అక్కడ సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు గానీ సముద్రంలోకి దిగడండీ, మీరు చూసిన సూర్యుడు ఎవరిదో దయచేసి తెలియజేయగలరు అని. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

సిగ్గుపడ్డది దిక్కు తప్పినందుకు కాదు. దిక్కుదేముంది, దిద్దుకోవచ్చు. మెట్ల మీద సూట్‌కేసు, సోంపేట ఆయన మాట, మా ఆవిడ నవ్వు, ఇవన్నీ చేతిలో ఉండగా వదిలేసి, చూడని సూర్యుణ్ణి అరువు తెచ్చుకున్నానే, దానికి. చదివేవాళ్లు సూర్యాస్తమయం కోరుకుంటారని నాకెవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. సెలవులంటే సంతోషంగా ఉండాలి, డబ్బు పెట్టి వెళ్లాక బావుందనే చెప్పాలి అని మనలో ఒక మొహమాటం ఉంటుంది చూడు, రాసేటప్పుడు అది వచ్చి మన చెయ్యి పట్టుకుంటుంది.

ఇక నీ నాలుగో పేజీకి వస్తాను. అందులో మీ అమ్మగారు చీకటి పడుతున్న ఒడ్డున, చెప్పులు చేత్తో పట్టుకుని, అల పాదాల మీదికి వస్తుంటే, మీ నాన్నగారి వైపు తిరిగి "గ్యాస్ కట్టేశామా?" అని అడిగారు. ఆయన "కట్టేశాం" అన్నారు. రెండడుగులు వేసి, ఫోన్ తీసి, సిగ్నల్ ఉందేమోనని పైకెత్తి చూశారు. అమ్మాయీ, నీ వ్యాసమంతా ఇక్కడుంది. మనిషి విమానమెక్కి, పడవెక్కి, హైదరాబాదు నుంచి అంత దూరం వచ్చినా మొదటి సాయంత్రానికి ఇల్లు ఇంకా వెంటే ఉంటుంది. గ్యాసు, పాలవాడు, వెనక తలుపు గడియ. రెండో రోజుకి అవి పలచబడతాయి. మూడో రోజుకి ఏ వారమో కూడా గుర్తుండదు. మొదటి రోజు మాత్రం మనిషి ఒడ్డున, మనసు వంటింట్లో. నువ్వు దీన్ని చూశావు, రాశావు కూడా. కానీ ఎక్కడో చివర, "ఇంతలో ఒక చిన్న తమాషా" అంటూ పెట్టావు. తమాషా కాదు. అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

మీ తమ్ముడి సంగతీ అంతే. ఫోన్ టార్చి వేసి, ఇసుకలో చిన్న చిన్న ఉండలు చూసి "ఎవరు చేశారక్కా ఇవన్నీ?" అన్నాడని రాసి వదిలేశావు. నేనైతే అక్కడే చతికిలబడి కూర్చునేవాణ్ణి. వేలి గోరంత కూడా ఉండని పీతలవి. నీళ్లు వెనక్కి పోయినప్పుడు బొరియలోంచి బయటికొచ్చి, తడి ఇసుక కాస్త నోట్లో పెట్టుకుని, అందులో ఉన్న నాచూ నలుసూ పీల్చుకుని, మిగిలిన ఇసుకని ఉండ చుట్టి పక్కన పడేస్తాయి. మళ్లీ ఇంకో ముద్ద. బొరియ చుట్టూ గీతలు గీతలుగా, ఎవరో సగ్గుబియ్యం ఆరబోసినట్టు ఉంటుంది. పోటు రాగానే అంతా సాఫు. మళ్లీ ఆటు, మళ్లీ మొదలు. నువ్వు ఆ ఉండల్ని "ముత్యాలు" అన్నావు. ముత్యాలంటే చదివేవాడికి ఏమీ కనబడదు, ముత్యాలన్నది వెయ్యిసార్లు విన్న మాట. సగ్గుబియ్యం కూడా నీకు నచ్చకపోతే నీ వంటింట్లో ఇంకేం ఉందో వెతుక్కో.

రంగు గురించి కూడా ఇలాగే ఒక మాట. నీళ్లు "మరకత మణి కాంతి"తో ఉన్నాయన్నావు. నువ్వు ఎప్పుడైనా మరకతం చూశావా? నేను చూడలేదు. మర్నాడు పొద్దున ఎండలో ఒడ్డు దగ్గర ఆ నీళ్లు ఎలా ఉంటాయంటే, తెల్లబట్టలకి నీలిమందు పెట్టడానికి బకెట్లో ఒక్క చుక్క వేసి ఇంకా కలపని నీళ్లలా ఉంటాయి. మా ఇంట్లో ఆ పని నాదే కాబట్టి నాకలా తోచింది. ఇక చీకటి పడ్డాక రంగు ఎక్కడిది? నురగ మాత్రం తెల్లగా కనబడుతుంది. ఆ సంగతి నీ వ్యాసంలో లేదు.

"మనిషి అడుగు పడని దీవి" అన్నచోట పెన్సిలు గట్టిగా గీశాను, కాగితం చిరిగితే క్షమించు. అడుగు పడకపోతే రాధానగర్ అని పేరు ఎవరు పెట్టారు? పక్కన కృష్ణనగర్, గోవిందనగర్, శ్యామ్‌నగర్ కూడా ఉన్నాయి. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలని 1950ల్లో అక్కడ స్థిరపరిచారు. వరి వేసుకున్నారు, పోక, కొబ్బరి పెంచుకున్నారు, తమ దేవుళ్ల పేర్లు ఊళ్లకి పెట్టుకున్నారు. మీకు ఆ రాత్రి చేపల పులుసు వడ్డించిన అమ్మాయి మాట్లాడింది హిందీ అనుకున్నావు గానీ, లోపలికి వెళ్లి అమ్మతో మాట్లాడింది ఏ భాషో విన్నావా? నీకది సెలవుల మొదటి సాయంత్రం. ఆ పిల్లకి మామూలు మంగళవారం. రెండూ ఒకే బల్ల దగ్గర ఉన్నాయి, ఒకటే రాశావు. అలాగని ఆ పిల్ల మీద జాలి కథ రాయకు, అది ఇంకో రకం అబద్ధం. పళ్లెం ఎలా పెట్టిందో రాయి చాలు.

ఊరి పేర్ల విషయంలో కంగారుపడ్డావు. మొదటి పేజీలో స్వరాజ్ ద్వీప్, రెండో పేజీలో హావ్‌లాక్. 2018లో అధికారికంగా హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు, నిజమే. 2024లో పోర్ట్‌బ్లెయిర్‌ని శ్రీవిజయపురం చేశారు, అదీ నిజమే. ఒకసారి కొత్త పేరు చెప్పి, ఆ తర్వాత ఆటోవాడు ఏమన్నాడో అదే వాడు. ఆ బీచికి 2004లో ఒక విదేశీ పత్రిక ఆసియాలోకెల్లా మేలైనదని కితాబిచ్చిన సంగతి రెండుచోట్ల రాశావు, రెండూ కొట్టేశాను. ఆ మాట చెప్పి నువ్వు చూడటం మానేశావు. దానికంటే ఒడ్డున మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉందన్నావే, అది ఉంచు. 2010లో ఆ పక్క ఒడ్డునే ఒక పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి పొట్టనపెట్టుకుంది. లైఫ్‌గార్డు ఊరికే విజిల్ వేయడు. ఆ బోర్డు చదివాక మీ నాన్నగారు తమ్ముడి చెయ్యి పట్టుకున్నారా, లేదా? పట్టుకునే ఉంటారు. నువ్వు చూసి ఉంటేనే రాయి.

ఇంకెప్పుడైనా కొత్త చోటికి వెళితే, ఆ రాత్రి ఎంత అలిసిపోయినా పడుకోబోయే ముందు ఓ పది ముక్కలు రాసి పెట్టుకో. వాక్యాలు అక్కర్లేదు. దుప్పటి వాసన, బల్లి అరుపు, కుళాయిలో నీళ్లు కాస్త ఉప్పగా ఉండటం, బాత్రూం స్విచ్ ఎక్కడుందో తెలియక గోడంతా తడుముకోవడం, ఇలాంటివి. మర్నాటికి స్విచ్ ఎక్కడుందో చేతికి తెలిసిపోతుంది. అప్పుడిక దాని గురించి రాయాలని కూడా తోచదు. నేను ఆ రాత్రి ఏమీ రాసుకోలేదు. అందుకే ఇప్పుడు నీకు చెబుతున్న దాంట్లో కూడా సగం మా ఆవిడ గుర్తుచేసిందే. ఆవిడ లెక్క ప్రకారం బోండాం ఒక్కటే తాగాం, ఇద్దరికీ కలిపి. నేను రెండనుకున్నాను.

నెలాఖరుకి మళ్లీ రాసి పంపు. రెండు పేజీలు చాలు, సూర్యుడు లేకుండా. అన్నట్టు, ఒకటి అడగడం మరిచాను. పడవలో అంత అవస్థ పడ్డ మీ అమ్మగారు ఆ రాత్రి ఏమైనా తిన్నారా? పులుసు బావుందని నీ సంగతి రాశావు, తమ్ముడు రెండోసారి వేయించుకున్నాడని రాశావు. ఆవిడ పళ్లెం సంగతి ఎక్కడా లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు