ప్రసాదం, ద్రాక్షరసం, మైకు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పటమటలో అపార్టుమెంటులో ఉంటున్నాం. దసరా రోజుల్లో పక్కింటి పిన్నిగారు పులిహోరో చక్కెర పొంగలో తెచ్చి పెడతారు. విగ్రహార్పితం ముట్టకూడదని మా అత్తగారు అంటారు. కాదనలేక తీసుకుని చెత్తబుట్టలో వేసేదాన్ని. మొన్న అది పిన్నిగారి కంట పడింది. ఇప్పుడేం చెయ్యను? (ఒక సోదరి, విజయవాడ)

జవాబు: తినడానికీ మానడానికీ బైబిలు వాక్యంలో చోటుంది. నవ్వుతూ పుచ్చుకుని పారెయ్యడానికి మాత్రం లేదు. కాబట్టి ముందు వెళ్లి ఆవిడకు క్షమాపణ చెప్పండి. ‘మా అత్తగారు అలా అన్నారు’ అంటూ తప్పు అత్తగారి మీదికి నెట్టకండి.

ఇక అసలు సంగతి. తొలి క్రైస్తవుల కాలంలో గ్రీకు నగరం కొరింథులో ఇది దాదాపు రోజూ ఎదురయ్యే చిక్కు. గుళ్లలో బలిచ్చిన మాంసం అంగడికి వచ్చేది. అపొస్తలుడైన పౌలు అక్కడి సంఘానికి, అంటే కొరింథీయులకు, రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాల్లో దీన్ని విడమరిచాడు. అంగడిలో కొన్నదాన్ని ఆరా తియ్యకుండా తినమన్నాడు. భోజనానికి పిలిచినవాళ్ల ఇంట్లో వడ్డించినదీ అంతే. ‘ఇది నైవేద్యం పెట్టింది’ అని ఎవరైనా చెబితే మాత్రం మానమన్నాడు. ఎందుకు? నీ మనస్సాక్షి కోసం కాదు, చెప్పినవాడి మనస్సాక్షి కోసం. మన ఇళ్లలో ఈ ముక్క వదిలేసి మిగతాదంతా చెబుతుంటారు. పూజలో పాలుపంచుకోవడం మళ్లీ వేరే సంగతి, దాన్ని 10వ అధ్యాయంలోనే వద్దన్నాడు.

పిన్నిగారు ‘అమ్మవారి ప్రసాదం’ అని చెప్పే ఇస్తారు కాబట్టి వద్దనడమే మంచిదని మా అభిప్రాయం. గిన్నె చేతికి వచ్చాక కాదు, పండగకు ముందే ఒకసారి చెప్పండి: ‘పిన్నిగారూ, ప్రసాదం మేము తీసుకోమండి, ఏమీ అనుకోకండి. నైవేద్యం పెట్టకుండా విడిగా తీసిన పులిహోర ఉంటే మాత్రం గిన్నెడు పెట్టండి, పిల్లలకు ఇష్టం.’ సంక్రాంతికి అరిసెలు పంపితే హాయిగా తినండి. కొత్త బియ్యానికీ బెల్లానికీ పండగ పేరు విని జడవనక్కర్లేదు.

ఇంకోవైపు కూడా చూడండి. ఆవిడ గుడ్డు ముట్టని మనిషైతే, డిసెంబరులో మీరు పంపే కేకు ఆవిడకు సరిగ్గా ఇలాంటి ఇరకాటమే. కజ్జికాయలు చేసి పంపండి, అదీ కొత్త నూనెలో వేయించి. చికెన్ పకోడీ తీసిన మూకుట్లో మిగిలిన నూనె పనికిరాదు. ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పి ఇవ్వండి.

ప్రశ్న: మా సంఘంలో నెలకోసారి ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు) స్త్రీల సమాజం వాళ్లమే ద్రాక్షరసం కాస్తాం. శనివారం సాయంత్రం కాచింది ఎండాకాలంలో ఆదివారం పొద్దుటికి నురగ తేలి పుల్లవాసన వస్తోంది. 150 మందికి ఎంత కావాలి, ఎలా కాయాలి? (గుంటూరు)

జవాబు: ఒక్కొక్కరికి ఇచ్చే చిన్న గిన్నెకు 10 మిల్లీలీటర్ల లెక్కన లీటరున్నర. ఒలికేదీ అడుగున మిగిలేదీ కలిపి లీటరుముప్పావు పెట్టుకోండి. కిలో పండ్లకు 600 నుంచి 700 మిల్లీలీటర్ల రసం దిగుతుంది కాబట్టి మూడు కిలోల నల్ల పన్నీరు ద్రాక్ష చాలు.

నురగకు కారణం పండు తొక్క మీద సహజంగా ఉండే ఈస్టు. కాస్తే అది చస్తుంది. కానీ కాచిన తర్వాత మరిగించని గరిటె, తడి గుడ్డ, కడిగీ కడగని సీసా ద్వారా కొత్తది చేరుతుంది. ఆ రసాన్ని గిన్నెలోనే మూతపెట్టి వేసవి రాత్రంతా వంటింట్లో వదిలేస్తే పులవక ఏమవుతుంది?

తొడిమలు తీసి, చితికినవీ బూజు పట్టినవీ ఏరి పారేసి కడగండి. స్టీలు గిన్నెలోనే కాయండి, పులుపు అల్యూమినియాన్ని తింటుంది. కిలోకు అరగ్లాసు నీళ్లు పోసి సన్నసెగ మీద తొక్కలు పగిలేదాకా ఉంచి గరిటెతో మెదపండి. మిక్సీలో వెయ్యొద్దు, గింజ నలిగి చేదెక్కుతుంది. పదీ పన్నెండు నిమిషాల తర్వాత, వేడినీళ్లలో మరిగించిన తెల్లగుడ్డలో వడగట్టండి. గట్టిగా పిండితే మడ్డి దిగుతుంది, దానంతట అదే కారనివ్వండి.

అందరూ ఇక్కడితో ఆపేస్తారు, తప్పు అక్కడే. వడకట్టిన రసాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి, అంచుల వెంట చిన్న బుడగలు లేచి ఆవిరి వచ్చే స్థితిలో (80, 85 డిగ్రీలు) ఐదు నిమిషాలు ఉంచండి. తెర్లనివ్వకండి, రుచి పోతుంది. పది నిమిషాలు మరిగించిన గాజు సీసాలు ఇంకా వేడిగా ఉండగానే మెడదాకా నింపి మూత బిగించండి. చల్లని సీసాలో వేడి రసం పోస్తే పగులుతుంది. ఆరాక ఫ్రిజ్‌లో పెట్టి, ఆరాధనకు ముందే బయటికి తీయండి. పులుపు ఎక్కువైతే కిలోకు 50 గ్రాముల పంచదార వేసుకోవచ్చు గానీ, ఆ కాస్త పంచదార నిలవ ఉంచుతుందనుకోకండి.

ఈ కిటుకు వయసు 150 ఏళ్లు దాటింది. పులవని రసం ప్రభువు బల్లకు వాడాలని అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు 1869లో ఇలాగే వేడి చేసి సీసాల్లో పట్టాడు. కతోలిక సంఘంలో మాత్రం ద్రాక్షతో చేసిన వైనే ఉండాలన్నది నియమం, అక్కడ ఈ రసం కుదరదు. నురగ వచ్చిన రసాన్ని బల్ల మీదికి తీసుకురావద్దు. తాగుడు మానిన తమ్ముడొకడు ఆ వరుసలో నిలబడి ఉండవచ్చు.

ప్రశ్న: సింగ్‌నగర్‌లో ఇళ్ల మధ్య మా ప్రార్థనా మందిరం. శుక్రవారం రాత్రి జాగరణ ప్రార్థనకు మైకు పెడితే పక్కవాళ్లు పోలీసులకు చెప్పారు. ఇది హింస కాదా?

జవాబు: కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటికి వినిపించేలా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పగలైనా రాతపూర్వక అనుమతి కావాలి. నివాస ప్రాంతంలో హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మద్రాసులో ఒక చర్చికీ కేకేఆర్ మెజెస్టిక్ కాలనీవాళ్లకూ నడిచిన వివాదంలో, ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు అదే ఏడాది తేల్చింది.

పది దాటాక మైకు ఆపెయ్యండి. నలభై మందికి గొంతు చాలు. పగటి ఆరాధనకు పైకప్పు మీది హారన్ దించి, రెండు చిన్న బాక్సులు గోడలకు చెవి ఎత్తులో, లోపలివైపు తిప్పి పెట్టండి. బేస్ తగ్గించండి, గోడలు దాటి ఎక్కువగా వెళ్లేది అదే. రేకుల కప్పు అయితే శబ్దం ఆగదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: చేతికి వచ్చేది 32,000. ఇంటి లోను ఈఎంఐ 11,500, నాన్నగారి మందులు 4,000. దశమభాగం కోతలకు ముందున్న జీతం మీద ఇవ్వాలంటున్నారు. ఇవ్వలేక రెండు నెలలుగా గుడికే వెళ్లడం లేదు. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఈ ఆదివారం వెళ్లండి. కానుకల సంచి మీ ముందుకు వచ్చినప్పుడు పది రూపాయలు వేసినా, ఏమీ వెయ్యకపోయినా ఫర్వాలేదు.

పాత నిబంధన ధర్మశాస్త్రంలో దశమభాగం పంట మీద, మంద మీద. అందులో ఆలయ సేవ చేసే లేవీయులకు ఇచ్చేది ఒకటి (సంఖ్యాకాండం 18), మూడో ఏట పరదేశులకూ తండ్రిలేనివారికీ విధవరాండ్రకూ ఊళ్లోనే ఉంచేది ఇంకొకటి (ద్వితీయోపదేశకాండం 14). కోతలకు ముందా తర్వాతా అన్న ప్రశ్న అక్కడ లేదు. కొత్త నిబంధన సంఘానికి శాతం పెట్టలేదు. సణుక్కోకుండా, బలవంతం లేకుండా, మనసులో నిశ్చయించుకున్నంత ఇమ్మంది (రెండో కొరింథీ 9:7). తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని ‘కొర్బాను’ అని దేవుడి పేరు పెట్టి తప్పించుకున్నవాళ్లను యేసు మందలించాడు (మార్కు 7). మీ నాన్నగారి మందుల డబ్బు తీసి సంచిలో వెయ్యకండి, ఇవ్వడం కోసం అప్పూ చెయ్యకండి.

మేము సూచించేది ఇది: జీతం పడ్డ రోజే 1,600 విడిగా తీసి కవరులో పెట్టండి. అది మీ జీతంలో ఐదు శాతం. ఏటా జీతం పెరిగినప్పుడు ఒక్కో శాతం పెంచుకోండి. నెలాఖరున మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు. కూటంలో పాట ఊపు మీద చెయ్యెత్తి పెద్ద మొత్తం ఒప్పుకోవడం మానండి, మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని బైబిల్లో ప్రసంగి గ్రంథం 5లోనే ఉంది.

ప్రశ్న: భస్మ బుధవారంతో మొదలై ఈస్టర్ దాకా సాగే శ్రమదినాలు 40 అంటారు. 2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. మధ్యలో 46 రోజులు వస్తున్నాయేం? ఆదివారం మాంసం తినొచ్చా?

జవాబు: ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు, అవి పునరుత్థాన దినాలు. కతోలికులకు మాంసం మానాల్సింది భస్మ బుధవారం, శుక్రవారాలు. 18 నుంచి 59 ఏళ్లవారు ఉపవాసం ఉండాల్సింది భస్మ బుధవారం, మంచి శుక్రవారం. మిగతా సంఘాల్లో చాలావాటికి ఇలాంటి నియమం లేదు, మీ తీర్మానమే. ఆదివారం బిర్యానీ సంగతి ఇంట్లో వండేవారిని అడిగి తీర్మానించుకోండి.