వివాహేతర సంబంధం బయటపడితే మంత్రి రాజీనామా చేయాల్సిందేనా?

సంబంధం ఒక్కటే కారణమైతే అక్కర్లేదు. అది ఆ కుటుంబం తేల్చుకోవాల్సిన విషయం. దాన్ని దాచడానికి చట్టసభలో అబద్ధం చెప్పినా, పదవిని వాడుకున్నా మాత్రం తప్పుకోవాల్సిందే.

బ్రిటన్‌లో జాన్ ప్రొఫ్యూమో ఉదంతం చూడండి. యుద్ధ శాఖ మంత్రిగా ఉన్న ఆయనకు 1961లో క్రిస్టీన్ కీలర్ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయితో సంబంధం ఏర్పడింది. ఆమెకు లండన్‌లోని సోవియట్ నౌకాదళ అధికారి ఒకరితోనూ పరిచయం ఉండటంతో రక్షణ రహస్యాలు బయటికి పోయాయేమోనన్న అనుమానం పుట్టింది. 1963 మార్చిలో ప్రొఫ్యూమో బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో నిలబడి, అనుచితంగా ఏమీ జరగలేదన్నారు. జూన్‌లో అది అబద్ధమని ఒప్పుకుని రాజీనామా చేశారు. రహస్యాలేవీ పోలేదని ఆ తర్వాత న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ విచారణలో తేలింది. అయినా ఆ రాజీనామా సబబే. సొంత పరువు కోసం సభనే నమ్మించి మోసం చేసిన మంత్రి రేపు సైన్యం గురించి చెప్పే మాటను ఎవరు నమ్ముతారు?

2021లో బ్రిటన్ ఆరోగ్య మంత్రి మ్యాట్ హాంకాక్ చేసిన రాజీనామా విషయంలోనూ అంతే. కోవిడ్ వేళ దూరం పాటించమని జనానికి చెప్పిన ఆయనే, తన ఆఫీసులో సహాయకురాలిని కౌగిలించుకుని దొరికిపోయారు. అయినవాళ్ల అంత్యక్రియల్లో కూడా దూరదూరంగా నిలబడిన జనానికి కోపం రావడం న్యాయమే.